జూమ్ పోకర్: డ్రాప్ కొట్టగానే కొత్త ముక్కలు

(తెర మీద: చేతిలో ఏడు, రెండు. డ్రాప్ నొక్కగానే టేబుల్ మారి కొత్త ముక్కలు వస్తాయి.)

రమ్మీలో ముక్కలు బాగోలేకపోతే మొదటి డ్రాప్ కొడతాం. 20 పాయింట్లు పోతాయి, పైగా మిగతావాళ్ల ఆట అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి. ఈ పోకర్‌లో ఆ కూర్చోవడం ఉండదు. డ్రాప్ నొక్కారో లేదో ఇంకో టేబుల్, కొత్త మనుషులు, కొత్త ముక్కలు.

2010లో ఫుల్ టిల్ట్ సైటు రష్ పోకర్ అని దీన్ని తెచ్చింది. 2012లో పోకర్‌స్టార్స్ జూమ్ అని పెట్టింది. లోపల ఉన్నది టెక్సస్ హోల్డెమే: చేతికి రెండు ముక్కలు, టేబుల్ మధ్య అందరికీ కలిపి ఐదు, మొత్తం ఏడింటిలో మంచి ఐదు మీవి.

ఒక్క మాట. డబ్బు పెట్టి ఆడేది తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా ఆపేసింది. ఈ వీడియోలో ఉన్నదంతా ఉచిత చిప్స్‌తో నేర్చుకోవడానికే.

(తెర మీద: చిన్న బ్లైండ్ 5, పెద్ద బ్లైండ్ 10.)

ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టే పందెం ఇది. టేబుల్ మారుతూ ఉంటే తప్పించుకోవచ్చు కదా అనుకుంటారేమో, కుదరదు. పెద్ద బ్లైండ్ కట్టి ఎక్కువసేపయినవాళ్లకే అది ముందు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. రెండు ఆసులు సగటున 221 చేతులకు ఒకసారి వస్తాయి (చెయ్యి అంటే ముక్కలు ఒకసారి పంచి ఆడే ఆట). ఎదురుగా కూర్చుని ఆడే టేబుల్‌లో గంటకు 30 చేతులు కూడా కష్టమే, అంటే ఏడెనిమిది గంటలు ఎదురుచూడాలి. జూమ్‌లో గంటకు 200 పైనే పడతాయి. బ్లైండ్ వంతు కాకపోతే డ్రాప్‌కి ఖర్చు కూడా లేదు. అందుకే అందరూ మంచి ముక్కల కోసమే ఆగుతారు. పందెం వంతు అందరికంటే ముందు వచ్చినవాడు పెంచాడంటే అతని చేతిలో బలం ఉందనే నమ్మండి. ఆసు, పది పట్టుకుని అతని వెంట పడకండి. నాకు ఈ ఒక్క అలవాటు మానడానికే చాలా రోజులు పట్టింది.

ముక్కలు నచ్చకపోతే వెంటనే డ్రాప్ కొట్టేసే ఈ ఓపికలేనితనం మీకు పనికొచ్చే చోటు ఒకటుంది: డీలర్ బటన్, అంటే బ్లైండ్స్ ఇద్దరికీ సరిగ్గా ముందుండే సీటు. మీ దాకా అందరూ డ్రాప్ అయ్యారు, మిగిలింది బ్లైండ్స్ ఇద్దరే. 25 పెట్టండి. మధ్యలో ఉన్నది 15. ఎనిమిదిసార్లలో ఐదుసార్లు ఇద్దరూ డ్రాప్ అయితే వచ్చింది 75. మిగతా మూడుసార్లు పోయినా 75. లెక్క అక్కడికే సరిపోయింది. ఎవరైనా కాల్ చేసినా, అంటే మీ పందేనికి సమానంగా కట్టినా, గెలిచే అవకాశం మీకు ఇంకా ఉంటుంది, అదంతా పై లాభం. వేళ్లు డ్రాప్ బటన్ మీదే ఉండే ఈ ఆటలో ఇద్దరూ వదిలేయడం తరచూ జరుగుతుంది.

(తెర మీద: బటన్ మీద మీరు. ఇస్పేటు జాకీ, ఇస్పేటు తొమ్మిది.)

అందరూ డ్రాప్. మీరు 25. చిన్న బ్లైండ్ కాసేపు ఆగి 100కి పెంచాడు. అతనెవరో తెలియదు, ఇంతకుముందు చూసిందీ లేదు. ఇక్కడ పంతానికి పోవద్దు, వదిలేయండి. పోయింది 25. చూడండి, అప్పుడే కొత్త ముక్కలు వచ్చేశాయి.