పసుపు బండి, నారింజ బండి: మా గరాజ్‌లో రెండు గూడ్స్ కంపెనీలు

అందరికీ నమస్తే. ముందు ఈ బండి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. ఇది మా గరాజ్‌లో ఎన్ స్కేల్ మోడల్ రైలు లేఅవుట్. అంటే అసలు రైలులో 160వ వంతు సైజు. ఇంజన్ వెడల్పు బొటనవేలంత ఉంటుంది. కెమెరా ఇంకాస్త కిందికి దించుతాను.

ముందు మూడు ఇంజన్లున్నాయి. మొదటిది నారింజ. రెండోది ఎరుపు, వెండి రంగు. మూడోది ముదురాకుపచ్చ, మీగడ రంగు. మూడూ ఒకే కంపెనీవి, బీఎన్ఎస్ఎఫ్ అనే అమెరికా గూడ్స్ రైలు కంపెనీవి. ఇది కనిపించినప్పుడల్లా మా బావ అనే మాట ఒకటే: "ఒరేయ్, ఒక్క రంగు కూడా కుదరని కంపెనీ ఏం కంపెనీరా అది?"

మా బావ దాని పోటీదారు, పసుపు ఇంజన్ల యూనియన్ పసిఫిక్‌కి వీరాభిమాని. మేమిద్దరం కాజీపేటలో పెరిగి, ఇప్పుడు డల్లాస్ దగ్గర పక్కపక్క ఊళ్లలో ఉంటున్నాం. మోడల్ చేయడానికి ఏ కంపెనీ మేలు అన్న వాదన మా మధ్య ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. ఈ రోజు నా వైపు మాట మీ ముందు పెడతాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికా పడమటి సగంలో గూడ్స్ అంటే ఈ రెండు కంపెనీలే. యూనియన్ పసిఫిక్ హెడ్డాఫీసు ఒమాహాలో, బీఎన్ఎస్ఎఫ్‌ది మా దగ్గరే ఫోర్ట్ వర్త్‌లో. రెండింటికీ చెరో 32 వేల మైళ్ల లైన్లున్నాయి. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కి కంటైనర్ వెళ్లాలంటే ఇద్దరూ పోటీపడతారు. ఫోర్ట్ వర్త్‌లో టవర్ 55 అని ఒక జంక్షన్ ఉంది. అక్కడ ఇద్దరి పట్టాలూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. ఆదివారం పొద్దున ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్తే, మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి కదలబుద్ధి కాదు.

యూనియన్ పసిఫిక్ 1862లో లింకన్ సంతకంతో పుట్టింది. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ దగ్గర, తూర్పు నుంచి వేసుకొచ్చిన పట్టాలు పడమటి పట్టాలతో కలిశాయే, ఆ తూర్పు పట్టాలు వీళ్లవి. పేరు ఇప్పటికీ అదే. తర్వాతి కాలంలో మిస్సోరీ పసిఫిక్, కేటీ, షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ అనే రైలు కంపెనీలు దీనిలో కలిశాయి. 1996లో సదరన్ పసిఫిక్ కూడా కలిసింది. ఎవరొచ్చి కలిసినా చివరికి పసుపు పూయాల్సిందే. బీఎన్ఎస్ఎఫ్ సంగతి వేరు. 1995లో బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే కలిసి పుట్టిన కంపెనీ అది. పాత పేర్లు రెండూ కొత్త పేరులోనే ఉన్నాయి. కొత్త కంపెనీ రంగు నారింజ అయినా, పాత రంగులు కూడా ఏళ్లతరబడి ఇంజన్ల మీద అలాగే ఉండిపోయాయి.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. మోడల్ చేసేవాడికి కావలసింది కంపెనీ లాభాలు కాదు, పట్టాల మీద కంటికి కనిపించే కథ. ఇదిగో, ఈ ఎరుపు, వెండి ఇంజన్‌నే తీసుకోండి. దీన్ని వార్‌బోనెట్ అంటారు. 1937లో శాంటా ఫే వాళ్ల సూపర్ చీఫ్ ప్యాసింజర్ రైలు కోసం జనరల్ మోటార్స్ ఆర్టిస్టు లేలండ్ నికర్‌బాకర్ వేసిన డిజైన్ ఇది. 1989లో శాంటా ఫే దీన్ని మళ్లీ తెచ్చి గూడ్స్ ఇంజన్లకు వేసింది. కంపెనీలు కలిశాక కూడా కొన్ని కొత్త ఇంజన్లు ఇదే రంగులో, పక్కన బీఎన్ఎస్ఎఫ్ అక్షరాలతో వచ్చాయి. పక్కనున్న ఆకుపచ్చది బర్లింగ్టన్ నార్తర్న్ బొగ్గు బండ్లది, వ్యోమింగ్ గనుల నుంచి బొగ్గు లాగింది. ఒక్క బండిలో ఇన్ని ఊళ్లు, ఇన్ని ఏళ్లు కనిపిస్తాయి.

ఈ వార్‌బోనెట్ మోడల్‌ని ఇలా వాడి పాతబడినట్టు కనిపించేలా చేయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. పెట్టెలోంచి తీయగానే బొమ్మలా మెరుస్తుంది. ముందు మెరుపు చంపే వార్నిష్ కొట్టాలి. ఆరాక తెల్లరంగును నీళ్లలా పలచన చేసి ఎరుపు మీద ఒక్క పూత వేయాలి. ఎండకు వెలిసిన ఎరుపు కాస్త గులాబీ వైపు తిరుగుతుంది, అది రావాలి. తర్వాత పొగ వచ్చే చోట నల్ల సుద్ద పొడిని సన్న కుంచెతో పై నుంచి కిందికే లాగాలి. అడ్డంగా లాగితే అబద్ధంలా ఉంటుంది, వాన నీళ్లు కారే దారి అది కాదు కదా.

దీనికి బావ దగ్గర జవాబుంది. యూనియన్ పసిఫిక్ 2005, 2006లో ఆరు హెరిటేజ్ ఇంజన్లు దింపింది. తనలో కలిసిపోయిన ఆరు కంపెనీల రంగుల్ని వాటికి వేసింది. నిజంగా అందంగా ఉంటాయి. కానీ ఒక్కో కంపెనీకి ఒక్కటే ఇంజన్. మన లేఅవుట్ మీద రోజూ తిప్పితే అది నిజం అనిపించదు. నా వార్‌బోనెట్ అలా కాదు, రోజూ గూడ్స్ లాగిన ఇంజన్.

ఇంకో విషయంలో నాకు ఇప్పటికీ కోపం పోలేదు. తన పేరు, తన ముద్ర, తనలో కలిసిన కంపెనీల పేర్లు మోడళ్ల మీద వేసుకోవాలంటే డబ్బు కట్టాలని యూనియన్ పసిఫిక్ పట్టుబట్టింది. 2004లో మోడల్ రైళ్లు చేసే ఆథర్న్, లయొనెల్ కంపెనీల మీద కోర్టుకెళ్లింది. ఆ కంపెనీని ప్రేమించి దాని బొమ్మలు చేసుకునేవాళ్ల దగ్గర రుసుము అడగడమేంటి? 2006లో రాయల్టీ పట్టుదల వదులుకుంది, మంచిదే. బావ కూడా ఈ ఒక్క విషయంలో నాతో వాదించడు.

కానీ ఆవిరి ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి నేనే నోరు మూసుకుంటాను. 1944లో వచ్చిన 844 నంబరు ఇంజన్‌ని యూనియన్ పసిఫిక్ ఎన్నడూ రిటైర్ చేయలేదు. 1941 నాటి బిగ్ బాయ్ అనే భారీ ఆవిరి ఇంజన్, నంబరు 4014, కాలిఫోర్నియాలోని పమోనాలో అర్ధశతాబ్దం ఊరికే నిలబడి ఉంటే, 2013లో తిరిగి తీసుకుంది. వ్యోమింగ్‌లోని షయాన్ వర్క్‌షాపులో విప్పి, బిగించి, 2019లో మళ్లీ పట్టాలెక్కించింది. బీఎన్ఎస్ఎఫ్ అలాంటి పని చేయలేదు.

2021 ఆగస్టులో 4014 ఫోర్ట్ వర్త్ వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. టెక్సాస్ ఎండ, దానికి తోడు బాయిలర్ వేడి. బావ వాళ్ల నాన్న, అంటే మా మామయ్య, కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. జీవితమంతా డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ల కింద పనిచేశాడు. ఆ డిజైన్ ఆల్కో అనే అమెరికా ఇంజన్ల కంపెనీ వాళ్లది. బిగ్ బాయ్‌ని చేసిందీ ఆల్కోనే. బావ ఆ చక్రం పక్కన నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పసుపు రంగు మీద అతని ప్రేమ నాకు అర్థమైంది.

ఇప్పుడు ఈ కొండ వైపు రండి. ఇది కాలిఫోర్నియాలోని టెహాచపీ లూప్. 1876లో సదరన్ పసిఫిక్ కోసం చైనా కూలీలు కొండ తొలిచి వేసిన లైను. రైలు గుండ్రంగా తిరిగి, 77 అడుగులు ఎక్కి, తన దారి మీదుగానే దాటుతుంది. పట్టాలు ఇప్పుడు యూనియన్ పసిఫిక్‌వి. 1899 నుంచి శాంటా ఫేకి ఆ దారిలో నడిచే హక్కుంది కాబట్టి నారింజ బండ్లు కూడా అక్కడ తిరుగుతాయి. మా ఇద్దరికీ సరిపడే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? అసలు లూప్ అడ్డం 1,210 అడుగులు. ఎన్ స్కేల్‌లో ఏడున్నర అడుగులు, ఎత్తు ఆరంగుళాల లోపు. గరాజ్‌లో పట్టేసింది. 24 అడుగుల బండి కడితే ఇంజన్ పైకొచ్చేసరికి తోక ఇంకా కిందే ఉంటుంది. ఎండాకాలం గరాజ్ వేడికి పట్టాలు సాగుతాయి, అందుకే అతుకుల దగ్గర విజిటింగ్ కార్డు మందాన ఖాళీ వదిలాను.

మధ్యలో గుట్ట మీద అగ్గిపుల్లలతో చేసిన ఈ తెల్ల శిలువ చూశారా? 1989లో శాన్ బెర్నార్డినో ప్రమాదంలో చనిపోయిన ఇద్దరు సదరన్ పసిఫిక్ ఉద్యోగుల గుర్తుగా అసలు చోట ఒకటి ఉంది. అది లేకుండా ఈ కొండ పూర్తి కాదనిపించింది.

లూప్ మీదే వాలాంగ్ అని ఒక సైడింగ్ ఉంది, అంటే ఇంకో బండికి దారివ్వడానికి పక్కకు ఆగే లైను. నిన్న రాత్రి బావ కొత్త బిగ్ బాయ్ తెచ్చాడు. పది అంగుళాలుంది, లోపల స్పీకర్. "పట్టాలు మావి, ముందు మా బండి" అన్నాడు. నా నారింజ బండిని వాలాంగ్‌లో ఆపాను. ఆ వీడియోనే ఇప్పుడు వేస్తున్నాను. సౌండ్ పెంచుకోండి, సొరంగంలోంచి ముందు కూత వినిపిస్తుంది.