ఇంట్లో పార్కరైజింగ్ కిట్: సీసా మూత తీసేముందు చేయాల్సిన పని

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు బల్ల మీద ఉన్నది మాంగనీస్ ఫాస్ఫేట్ పార్కరైజింగ్ కిట్, అంటే స్టీలుకు తుప్పు పట్టకుండా ఫాస్ఫేట్ పూత వేసుకునే సామాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు మోసిన ఎం1 గరాండ్ రైఫిల్ మీద కనిపించే ఆ మెరుపులేని బూడిద రంగు పూత ఈ కోవదే.

ముందే ఒక మాట. తుపాకీ భాగాలకు వేసుకోవచ్చా అని కామెంట్లలో అడుగుతారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు లైసెన్సు ఉన్నవాళ్ల పని. అందుకే నేను పాత బుల్లెట్ బండి నట్లు, యాక్సిల్, రెండు స్పానర్లు తీసుకున్నా. స్టీలు స్టీలే, పూతకు ముందు సిద్ధం చేసే పద్ధతి ఒకటే.

కిట్‌లో ఏముంది? చిక్కటి ద్రావణం సీసా, ఒక కాగితం. ఆ కాగితంలో భాగాన్ని సిద్ధం చేయడం గురించి ఒకే ముక్క: "భాగాన్ని శుభ్రం చేయండి". నా కోపమంతా ఇక్కడే. ఈ పనిలో సగానికి పైగా ఆ ముక్కలోనే ఉంది సామీ!

పార్కరైజింగ్ అంటే పెయింట్ కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న వేడి ద్రావణం ఇనుమును కొద్దిగా కొరుకుతుంది, ఆ చోటే ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. మధ్యలో జిడ్డు ఉంటే ఆమ్లం ఇనుమును తాకదు. అక్కడ మచ్చ పడుతుంది.

మన మెకానిక్ షాపుల్లో డీజిల్‌తో కడిగి గుడ్డతో తుడిచేస్తారు. బేరింగుకు అది చాలు, దీనికి చాలదు. డీజిల్ తనే ఒక జిడ్డు పొర వదిలిపెడుతుంది. దాని తర్వాత వేడి నీళ్లు, సబ్బు, చివర్లో అసిటోన్ పట్టాల్సిందే. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఈ స్పానర్ మీద నీళ్లు పోస్తున్నా, చూడండి. పిడి దగ్గర నీళ్లు చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోతున్నాయి. అంటే ఇంకా జిడ్డుంది. ఈ రెండోది చూడండి, నీళ్లు విడిపోకుండా పల్చటి పొరలా పరుచుకున్నాయి. ఇది సిద్ధం. ఇక వట్టి చేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్ర పూతలో అచ్చంగా కనిపిస్తుంది. గ్లోవ్స్ వేసుకోండి.

తుప్పు, పాత పూత పోవాలంటే శాండ్‌బ్లాస్టింగ్ మేలు, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడిని స్టీలు మీదకు కొట్టడం. రేణిగుంట దగ్గర గాజులమండ్యం పారిశ్రామికవాడ వైపు వాకబు చేయండి. అల్యూమినియం ఆక్సైడ్ పొడితో కొట్టించండి. గాజు పూసలతో కొడితే పైభాగం నున్నగా తయారై పూత పల్చగా పడుతుంది. బ్లాస్టింగ్ అయిన స్టీలు వానాకాలంలో గంటల్లోనే ఎర్రబడుతుంది. మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు, నవంబరు నెలల్లో కదా, ఆ రోజుల్లో కొట్టించిన వెంటనే పూత వేసేయాలి.

ఏవి ముంచకూడదు? అల్యూమినియం కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ పూత పట్టదు. క్రోమ్ పూత ఉన్నవీ అంతే. స్టాండు స్ప్రింగులు కూడా వద్దు, బిగువుగా పనిచేసే గట్టి స్టీలులోకి హైడ్రోజన్ చేరి పెళుసుగా మారే ప్రమాదం ఉంది.

ద్రావణం కాచడానికి స్టెయిన్‌లెస్ గిన్నె వాడండి, సత్తు గిన్నె వద్దు. ఆ గిన్నెలో మళ్లీ వంట చేయకండి. బోరు నీళ్లు కలపకండి, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొనండి. 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపాలి, మరగనివ్వకూడదు. మామూలు ఇండక్షన్ స్టవ్‌కు ఇది కాస్త కష్టం, థర్మామీటర్ చేతిలో ఉండాలి. భాగం వేయగానే బుడగలు వస్తాయి. అది హైడ్రోజన్, కిటికీలు తెరిచి పెట్టండి. బుడగలు తగ్గాక తీసి, నీళ్లలో కడిగి, ఆరగానే బాగా నూనె పట్టించండి. నూనె తగలగానే ఆ వెలిసిన బూడిద రంగు నల్లబడుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది.

కిట్ విషయానికొస్తే ద్రావణం బాగుంది, యాక్సిల్ మీద రంగు సమానంగా వచ్చింది. కాగితం మాత్రం పనికిరాదు. బ్లాస్టింగ్ చేయించే వీలున్నవాళ్లు కొనుక్కోండి. ఎమెరీ పేపర్‌తో రుద్ది సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లకైతే నేను చెప్పను, ఆ డబ్బుతో మంచి స్పానర్ సెట్టు తీసుకోండి.