తెగని పది నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

నడక వచ్చిన పిల్లలున్న ఇంట్లో పెద్దల నోట ఎక్కువగా వచ్చే మాట ఏదంటే, అది "ఊఁ". పిల్లగాడు గోడ మీద చీమను చూపిస్తాడు. మనం ఫోన్ మీంచి తల ఎత్తకుండానే "ఊఁ" అంటాం. మళ్లీ చూపిస్తాడు, మళ్లీ "ఊఁ". మూడోసారి చేతిలో ఉన్న గ్లాసు విసిరేస్తాడు. అప్పుడు తల ఎత్తి గదమాయిస్తాం. వాడికి లెక్క తెలిసిపోయింది. చీమను చూపిస్తే అమ్మ చూడదు, గ్లాసు విసిరితే చూస్తుంది. మనం మొండితనం అనుకునేదాంట్లో కొంత ఇట్లా మనం నేర్పిందే.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు 1978లో ఒక ప్రయోగం ప్రచురించారు. తల్లి నెలల బిడ్డతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మొహం బిగించి, నవ్వూ మాటా లేకుండా కొద్దిసేపు ఊరికే చూస్తూ ఉండాలి. బిడ్డ మొదట నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది. ఏమీ పని చేయకపోతే కలవరపడి మొహం తిప్పుకుంటుంది. ఫోన్‌లో మునిగిన మొహం ఒకసారి అద్దంలో చూసుకోండి, దానికి పెద్ద దూరంలో ఉండదు. 2017లో ఇంకో పరిశోధన వచ్చింది. 38 మంది తల్లులు తమ రెండేండ్ల పిల్లలకు రెండేసి కొత్త మాటలు నేర్పారు. ఒక మాట నేర్పుతుంటే మధ్యలో ఫోన్ వచ్చింది. తల్లి మాట్లాడి, తిరిగొచ్చి మిగతాది చెప్పింది. రెండు మాటలూ చెప్పింది సమానంగానే. ఏకధాటిగా చెప్పింది పిల్లలకు వచ్చింది, మధ్యలో తెగింది రాలేదు.

కాబట్టి రోజంతా పిల్లల ముందే కూర్చోమని ఎవరూ అడగడం లేదు. పత్తి ఏరే రోజుల్లో అది అయ్యే పనీ కాదు. పది నిమిషాలు చాలు, అవి తెగకుండా ఉండాలి.

ఫోన్ పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి ఒళ్లో ఉంచుకుంటే లాభం లేదు, వెలుగు రాగానే కన్ను అటే పోతుంది. టీవీ కట్టేయండి. ఎవరూ చూడకపోయినా దాని మోతకు పిల్లల ఆట మాటిమాటికీ తెగుతుంది, పెద్దల మాటలు కూడా తగ్గుతాయి. కింద చాప మీద, పిల్ల మొహానికి ఎదురుగా కూర్చోండి. కొన్న బొమ్మలు అక్కర్లేదు. ఒక స్టీలు గిన్నె, దాని మూత, ఒక గరిటె, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఇవి చాలు. పది వస్తువులు కుప్ప పోస్తే పిల్ల దేని మీదా నిలవదు. పల్లీలు, గోలీలు, చింతగింజలు, గుండ్రటి చిన్న బ్యాటరీలు మాత్రం ఆ చుట్టుపక్కల ఉండొద్దు. అష్టాచెమ్మా గవ్వలు పెద్ద పిల్లలకు ఉంచండి.

ఇక ఆట పిల్లది, మీరు వెనుక నడవాలి. మూత తీసి గిన్నె మీద పెట్టిందనుకోండి. "మూత పెట్టినవ్" అనండి. అని ఆగండి. మనసులో ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టండి. అన్నిట్లోకీ కష్టం ఇదే. మూడు దగ్గరికి వచ్చేసరికి మనకు నోరు ఊరుకోదు. కానీ విన్నది తలకెక్కించుకుని మాట బయటికి తేవడానికి ఆ చిన్న బుర్రకు అంత టైం కావాలి. ఐదో అంకెకో ఆరో అంకెకో "మూ" అంటుంది. అప్పుడు "మూత! పెద్ద మూత!" అని ఒక్క మాట కలిపి తిరిగివ్వండి. వాక్యాలు అక్కర్లేదు.

చాలామంది తప్పేది ఇక్కడే. కూర్చోగానే "ఇదేంది బిడ్డా? ఇదేం రంగు? కాకి ఎట్ల అరుస్తది?" అని మొదలుపెడతారు. అది ఆట కాదు, పరీక్ష. ప్రశ్నలు, ఆజ్ఞలు, "అట్ల కాదు, ఇట్ల" అని దిద్దడం ఈ పది నిమిషాలకు మానేయండి. గిన్నెను నెత్తికి పెట్టుకుంటే మీరూ డబ్బా నెత్తికి పెట్టుకోండి. ఉత్త "శభాష్" కన్నా "మూత సరిగ్గా పెట్టినవ్" అనేది పిల్లకు అందుతుంది.

ముగించేటప్పుడు "ఇంకో రెండు నిమిషాలే" అంటే ఈ వయసుకు అర్థం కాదు. "ఇంకా రెండుసార్లు మూత పెడదాం, తర్వాత డబ్బాల వేద్దాం" అనండి, అన్నట్టే చేయండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఎత్తుకోండి. ఊరుకోబెట్టడానికి ఫోన్ చేతికిస్తే చేసిందంతా పాడు. అల్లరి చేసిందని ఆ రోజు ఆట రద్దు చేయడం కూడా పొరపాటే. అల్లరి ఎక్కువైన రోజే అది ఎక్కువ కావాలి.

బీడీలు చేసే ఇండ్లలో పిల్లను చాటకు దూరంగా కూర్చోబెట్టి చెప్పే ముచ్చట్లు మంచివే, కానీ అవి ఈ లెక్కలోకి రావు. చాట పక్కన పెట్టి, తంబాకు చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చుంటేనే లెక్క. పొలం నుంచో డ్యూటీ నుంచో వచ్చేవాళ్లకు ఇల్లు చేరిన మొదటి పది నిమిషాలు సరైన టైం. ఇద్దరు పిల్లలుంటే ఒకరిని అవ్వ దగ్గర కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి విడిగా ఐదైదు నిమిషాలు ఇవ్వండి.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నాయిన గల్ఫ్‌లో ఉన్న ఇండ్లు ఎన్నో. రెండేండ్ల లోపు పిల్లలకు తెర వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది, అయితే బంధువులతో వీడియో కాల్‌కు మినహాయింపు ఇస్తుంది. దుబాయ్ టైం మనకన్నా గంటన్నర వెనుక, సౌదీది రెండున్నర గంటలు. సౌదీలో ఉన్న నాయిన పొద్దున ఆరింటికి చేస్తే ఇక్కడ ఎనిమిదిన్నర, పిల్ల కడుపు నిండి హుషారుగా ఉండే వేళ. రాత్రి నిద్ర ముంచుకొచ్చాక చేస్తే ఏడుపే మిగులుతుంది. ఫోన్‌ను గోడకు ఆనించి కదలకుండా పెట్టండి. "ఏం తిన్నవ్?" అని అడిగితే లాభం లేదు. నాయిన మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తీయాలి, ఇక్కడ పిల్లా అదే చేయాలి. రోజూ అదే ఆట, ఐదు నిమిషాలు. నాయిన అన్న మాటను పక్కనున్న అమ్మ మళ్లీ చెప్పాలి.

ఇట్లా రోజూ కూర్చుంటే, పిల్ల ఎదుగుదలలో ఏదైనా తేడా ఉంటే అది కూడా మీ కంటపడుతుంది. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు వేలితో ఏదీ చూపించకపోవడం, రెండేండ్లకు "అమ్మ రా" లాంటి రెండు మాటలు కలపకపోవడం. "వాళ్ల నాయిన కూడా ఆలస్యంగనే మాట్లాడిండు" అని ఎవరన్నా ఆగకండి. ముందు చెవులు పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లకు చూపించవచ్చు. వాళ్లు వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు, ప్రభుత్వ ఆస్పత్రికి, వరంగల్ వాళ్లయితే ఎంజీఎంకు, నేరుగా వెళ్లవచ్చు. వెళ్లేముందు పిల్ల ఇంట్లో ఏయే మాటలు అంటుందో ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టర్ ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు.