గుండె కుడిపక్క కనిపిస్తే? ఛాతీ ఎక్స్‌రేపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: తిరుపతి స్టూడియోలో ఊపిరితిత్తుల డాక్టరుగారు మనతో ఉన్నారు. పీలేరు నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా నాయనకు 67 ఏండ్లు. జొరం, ఆయాసమని పోయిన నెల ఆస్పత్రిలో చేర్చినాము. ఎక్స్‌రే తీసి కుడిపక్క కింద నిమ్ము అన్నారు, నయమై ఇంటికొచ్చినాడు. రిపోర్టులో కార్డియోమెగలీ అని కూడా రాసినారు. గుండె పెద్దదయిందంట. ఇంకోటి సార్, ఫిల్మును కిటికీకాడ పెట్టి చూస్తే గుండె కుడిపక్కకు అగపడతా ఉండాది!

డాక్టర్: ఫిల్ము చేతిలో ఉందా? మూలలో ఆర్ అనే అక్షరం తెల్లగా ఉంటుంది చూడండి. ఏ పక్కుంది?

కాలర్: నా ఎడంపక్క.

డాక్టర్: తిరగబడకుండా సరిగ్గా చదవొస్తోందా? అయితే మీరు పట్టుకున్నది సరే. ఆర్ అంటే మీ నాయన కుడి. ఆయన మీకు ఎదురుగా నిలబడినట్టు లెక్క. గుండె ఉండాల్సిన చోటే ఉంది.

కాలర్: అమ్మయ్యా. ఇంగ ఆ పెద్దది సంగతి?

డాక్టర్: ఎట్ల తీశారు? నిలబెట్టా?

కాలర్: ల్యా సార్, లేయలేకుండా ఉండె. మంచం మీదనే, వీపు కింద పలక పెట్టి తీసినారు. ఫిల్ము మీద ఏపీ అని ఉండాది. మన రాష్ట్రం పేరేమో అనుకుంటిమి.

వ్యాఖ్యాత: (నవ్వు) నేనూ అదే అనుకున్నా.

డాక్టర్: ఏపీ అంటే కిరణాలు ముందునుంచి వీపు వైపు పోయాయని. గుండె ఉండేది రొమ్ము వైపు, పలకేమో వీపు కింద. దీపం ముందు చెయ్యి పెడితే గోడ మీద నీడ ఎంత పెద్దగా పడుతుంది? గోడకు దగ్గరగా జరిపితే తగ్గుతుంది కదా. ఇదీ అంతే. అందుకే రొమ్మును పలకకు ఆనించి, నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని తీస్తారు. అలా తీసినదాంట్లో గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితేనే పెద్దదని అనుమానిస్తాం. మంచం మీద తీసినదాన్ని చూసి ఆ మాట తేల్చకూడదు. ఇది ఇంటివాళ్లకు చెప్పకుండా రిపోర్టు చేతికిచ్చి పంపడం నాకు నచ్చదు. కాళ్లు వాస్తున్నాయా? పడుకుంటే ఆయాసమా?

కాలర్: అదేం ల్యా.

డాక్టర్: బీడీ?

కాలర్: మానేసినానని చెప్తాడు సార్.

డాక్టర్: (నవ్వు) సరే. జ్వరం తగ్గినా నిమ్ము నీడ ఫిల్ములో కొన్ని వారాలు ఉంటుంది, దానికి భయపడొద్దు. కానీ మొదటి ఫిల్ము తీసి ఆరు వారాలయ్యాక నిలబెట్టి ఇంకొకటి తీయించండి. బీడీ తాగినవాళ్లలో నిమ్ము వెనక ఒక్కోసారి క్యాన్సర్ గడ్డ దాక్కుని ఉంటుంది. నీడ పోకపోతే సీటీ స్కాన్. గుండె అప్పటికీ పెద్దగా ఉంటే ఎకో, అంటే గుండెకు తీసే స్కాన్. పాత ఫిల్ము పారేయకుండా తీసుకుపోండి, పక్కపక్కన పెట్టి చూడాలి.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి ఇంకొకరు. త్వరగా అడగండి.

కాలర్: మూడు వారాలుగా దగ్గు సార్. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. మళ్లీ తీయించమంటారా?

డాక్టర్: వద్దు. దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్‌రే బాగున్నా తెమడ పరీక్ష చేయించాలి. సర్కారు ఆస్పత్రిలో టీబీ పరీక్షకు డబ్బులు కట్టనక్కర్లేదు. డబ్బాలో ఉమ్మి ఇచ్చి రావొద్దు. పొద్దున లేవగానే లోపల్నుంచి దగ్గితే వచ్చేదే ఇవ్వండి.