లేదుకీ కాదుకీ మధ్య మధురవాడ బస్సు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకు ఎనిమిది నిమిషాలిచ్చారు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే అందులో నాలుగు పోతాయి, మన్నించాలి.

ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. దండ వేశాం, బాగుంది. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన సవర భాష ఎలా నేర్చుకున్నారు? సవరలతో మాట్లాడి. ముందు చెవి, తరవాతే కలం. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు.

నేను చేసింది తలకిందులు. విశాఖపట్నం మల్కాపురంలో నేవీ కుటుంబాలకి సాయంత్రం పూట తెలుగు క్లాసు. బీహారు, ఒడిశా, హర్యానా వాళ్లు, ఇరవైమంది. మొదటిరోజే బోర్డు మీద డుమువులు! ‘నిన్ నున్ లన్ కూర్చి గురించి’ అని అందరిచేతా వల్లె వేయించాను. మూడోవారానికి ఏడుగురు మిగిలారు. వాళ్లలో ఒకావిడ ‘బస్సుచేతన్ వచ్చితిని’ అంది. నవ్వకండి, నేర్పింది నేనే.

ఆవిడే ఓరోజు ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి ఉంటే ఒక ముసలాయన ఎదురుగా ఉన్న బస్సు చూపించి, ‘ఇది మధురవాడదేనా అమ్మా’ అన్నాడట. ‘మధురవాడ బస్సు లేదండీ’ అంది. పాపం ఆయన రెండొందలిచ్చి ఆటో ఎక్కాడు. వెనకే బస్సొచ్చింది.

హిందీలో రెంటికీ ఒకటే ‘నహీ’. మనకి బస్సు రాకపోతే ‘లేదు’, వచ్చింది వేరే ఊరిదైతే ‘కాదు’. ఈ ఒక్క ముక్క మొదటిరోజు చెప్పి ఉంటే ముసలాయన డబ్బులు మిగిలేవి. ‘నాకు ఆకలేస్తోంది’ అన్నది మాత్రం నేర్పక్కర్లేదు, వాళ్ల హిందీలో ‘నాకు’ అనడానికి ‘ముఝే’ ఉంది. గుర్తుచేస్తే చాలు. నేను దానికి రెండు క్లాసులు తగలేశాను!

ఇంకోటి. ‘బస్సు వచ్చింది, ఆమె వచ్చింది’ అని రాశాను. ‘నేనూ బస్సూ ఒకటేనా మాస్టారూ?’ అంది ఆవిడే. ఇద్దరాడవాళ్లొస్తే ‘వచ్చారు’ అంటామమ్మా, ఒక్కరైతేనే ఇలాగ, అన్నాను. ‘అయితే తోడు తెచ్చుకోవాలా?’ అంది. ‘గారు’ తగిలించి గండం గట్టెక్కాను.

ఇక్కడ టీచర్లెంతమంది? చేతులెత్తండి. మీకంటే నా కోపం మిగతావాళ్ల మీద. రైతుబజార్లో ఆవిడ కూడబలుక్కుని ‘టమాటాలు ఎంత’ అంటే మనం ‘చాలీస్ రుపయే’ అంటాం. ఎందుకండీ? ‘నలభై’ అనలేరా? నేను వారమంతా చెప్పింది అక్కడ ఒక్క మాటతో పోతుంది. రేపు మీ పక్కింటావిడ తప్పు తెలుగులో పలకరిస్తే, దయచేసి, మీకు వచ్చిన హిందీ దాచుకోండి. ‘ఏటమ్మా, బాగున్నావా’ అనండి చాలు.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు. అయిపోయిందా అండీ? ఇంకా కాలేదా? అదిగో, ‘కాలేదు’! అందులో ‘కా’ ఉంది, ‘లేదు’ ఉంది. దాని సంగతి చెప్పాలంటే ఇంకో ఎనిమిది నిమిషాలు కావాలి. నమస్కారం.