సంత పాఠం: చివరి బెంచీ నుంచి మొదలయ్యే ఇంగ్లీషు లెసన్ ప్లాన్

[దృశ్యం: ఖాళీ తరగతి గది. చివరి బెంచీ మీద తెరిచి పెట్టిన ఇంగ్లీషు పుస్తకం, పక్కన ఒక నోట్సు.]

ఆరో తరగతి, మూడో పీరియడు. చివరి బెంచీ అబ్బాయితో "నువ్వు చదువు నాన్నా" అన్నాను. లేచి నిలబడ్డాడు. సరైన పేజీయే తీశాడు. వేలు సరైన వాక్యం కిందే పెట్టాడు. నోరు మాత్రం పెగల్లేదు. పక్కవాడు మెల్లగా అందిస్తుంటే ఆ మాటలే పలికి కూర్చున్నాడు.

పీరియడు అయ్యాక వాడి నోట్సు తీసి చూశాను. ముత్యాల్లాంటి దస్తూరి. ప్రశ్నలన్నిటికీ జవాబులు ఉన్నాయి. ప్రతి జవాబు పక్కనా నేను ఎర్ర సిరాతో పెట్టిన టిక్కూ ఉంది. తను రాసినదాంట్లో ఒక్క వాక్యం కూడా వాడు చదవలేడు. బోర్డు మీద ఉన్నదాన్ని బొమ్మ గీసినట్టు దించుకున్నాడు, నేను ఆ బొమ్మకి మార్కులు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

[తెర మీద: అదే పాఠం, ఇంకో వాకిలి]

నమస్కారం. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెప్పే మీ అందరితో ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడాలని వచ్చాను. వెనకబడ్డ పిల్లలకి వేరే పాఠం పెట్టకండి. అందరూ చదివే పాఠంలోకే వాళ్లు కూడా రాగలిగే ఇంకో వాకిలి తెరవండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, చాలా ఏళ్లు నేను దీనికి సరిగ్గా ఉల్టా చేశాను. చదవలేని పిల్లల్ని ఒక పక్కన కూర్చోబెట్టి, ఏ నుంచి జెడ్ దాకా రాయమనేదాన్ని. మిగతా తరగతి కథ వింటుంటే వాళ్లు అక్షరాలు దిద్దుతూ ఉండేవాళ్లు. జూన్‌లో అదే, డిసెంబర్‌లోనూ అదే. కథ వాళ్ల చెవిన పడదు, ఎవరితోనూ ఒక్క ఇంగ్లీషు మాట మాట్లాడే పని ఉండదు. ఇక మిగతావాళ్లకీ వాళ్లకీ మధ్య దూరం ఎలా తగ్గుతుంది? నేనే పెంచాను.

తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ దూరం ఇంకా బరువైంది. ఇప్పుడు ఇంగ్లీషు వాక్యం చదవలేని పిల్లాడు సైన్సులోనూ, సోషల్‌లోనూ ఆగిపోతాడు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి, మేలు చేస్తున్నాయి. కానీ తెలుగు పేజీ నుంచి ఇంగ్లీషు పేజీకి పిల్లాణ్ణి దాటించాల్సింది మనమే.

[దృశ్యం: టీచరు ఒక అట్ట ముక్క పట్టుకుని ఉంటుంది. దాని మీద నాలుగు వరుసలు: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, చిన్న వాక్యాలు.]

ముందు ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియాలి. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన, పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే గురించి వినే ఉంటారు. ఇంగ్లీషు చదువును పరీక్షించిన సంవత్సరాల్లో వాళ్లు వాడిన పద్ధతి ఇంతే: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు. పిల్లవాడు ఎంతవరకు హాయిగా చదవగలడో అదే వాడి మెట్టు. చదివినదానికి అర్థం కూడా అడుగుతారు. ఇలాంటి అట్ట మీరే ఒకటి రాసుకోండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. రోజుకి ఐదుగురు. నలభై మంది ఉన్న తరగతి ఎనిమిది రోజుల్లో అయిపోతుంది. పిల్లల్ని ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచి అడగండి, అందరి ముందూ వద్దు. వచ్చిన ఫలితాన్ని మీ డైరీలో రాసుకోండి, గోడ మీద అంటించకండి.

నా తరగతిలో ఇలా చూస్తే ఒక సంగతి బయటపడింది. వెనకబడ్డారనుకున్న పిల్లల్లో చాలామందికి అక్షరాలన్నీ వచ్చు. అప్పజెప్పమంటే గడగడా అప్పజెబుతారు. మాట దగ్గరికి వచ్చేసరికే ఆగిపోతున్నారు.

ఎందుకో ఆలోచించండి. తెలుగులో 'క' అనే అక్షరం పేరు క, అది పలికేదీ క. 'ల' పేరు ల, పలికేదీ ల. అక్షరం పేరు తెలిస్తే చాలు, చదవడం వచ్చేసినట్టే. ఇంగ్లీషులో అలా కాదు. 'జి' అనే పేరులో 'గ' శబ్దమే లేదు. 'డబ్ల్యూ' అనే పేరు వింటే అది 'వ' అని పలుకుతుందని ఎవరికైనా ఎలా తోస్తుంది? "హెచ్, ఏ, టి" అని మూడు పేర్లూ కలిపి చదివితే 'హ్యాట్' రాదు, "హెచ్చేటి" వస్తుంది. మన పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. తెలుగు చదవడంలో నేర్చుకున్న నియమాన్ని నిజాయితీగా ఇంగ్లీషుకి వాడుతున్నారు. ఆ నియమం ఇక్కడ పనిచేయదని మనం వాళ్లకి చెప్పలేదు, అంతే.

[తెర మీద రెండు వరుసలు. మొదటి వరుస: బస్సు, పెన్ను, కప్పు, బ్యాటు, బ్యాగు. రెండో వరుస: బస్, పెన్, కప్, బ్యాట్, బ్యాగ్.]

దీనికి మందు మన తెలుగులోనే ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త నెమ్మదిగా చూద్దాం. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటను తెచ్చుకున్నప్పుడు మనం చాలావరకు చివర ఒక ఉకారం తగిలిస్తాం. బస్సు, పెన్ను, కప్పు, బ్యాటు, బ్యాగు. బడికి రాని అవ్వకి కూడా ఈ మాటలు తెలుసు. ఇప్పుడు పిల్లలతో ఒక ఆట ఆడండి: "చివరి ఉకారం మింగేయండి." బస్సు, బస్. పెన్ను, పెన్. కప్పు, కప్. నవ్వుకుంటూ అంటారు. అనగానే బోర్డు మీద ఆ మాట రాసి, ఏ అక్షరం ఏ శబ్దం ఇస్తోందో వేలితో చూపించండి. అర్థం ముందే తెలుసు, శబ్దం ముందే తెలుసు, కొత్తది అక్షరం ఒక్కటే. ఒకేసారి మూడు కొత్త సంగతులు మోయనక్కర్లేదు.

అక్కడి నుంచి కుటుంబాలు కట్టండి. బ్యాట్ వచ్చిందా, మొదటి అక్షరం మార్చండి: క్యాట్, ర్యాట్, హ్యాట్, మ్యాట్. పెన్ వచ్చిందా: టెన్, హెన్, మెన్. రోజుకి ఒక కుటుంబం, ఐదు నిమిషాలు. అంతకంటే లాగకండి. ఐదు నిమిషాలు దాటితే మళ్లీ పాత అక్షరాల దిద్దుడే అవుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు అన్నిచోట్లా ఇలా మాట వినదు. 'ద', 'వాజ్', 'సెడ్' లాంటి మాటల్ని ముక్కలు చేసి చదివించాలని చూడకండి. ముఖం చూసి మనిషిని గుర్తుపట్టినట్టు ఆ మాటను మొత్తంగా గుర్తుపట్టాలి. అలాంటివి వారానికి నాలుగు చాలు.

[దృశ్యం: వారపు సంత. ఉల్లిగడ్డల రాశి, తక్కెడ, గొడుగు కింద కూర్చున్న కూరగాయల అమ్మ.]

ఇప్పుడు ప్లాన్ దగ్గరికి వద్దాం. డైరీలో మనం మామూలుగా పైనుంచి కిందికి రాస్తాం: ఉద్దేశాలు, పరిచయం, బోధన, మూల్యాంకనం. నేను ఇప్పుడు కిందినుంచి పైకి రాస్తున్నాను. ముందు రాసే వాక్యం ఇది: "పీరియడు అయ్యేసరికి చివరి బెంచీ అబ్బాయి ఏం చేయగలగాలి?" దానికి జవాబు దొరికాకే మిగతాది.

పాఠం నేనే రాసుకున్న ఆరు వాక్యాలు. "టుడే ఈజ్ సండే. గ్రాండ్‌మా అండ్ ఐ గో టు ద మార్కెట్. షి బైస్ ఆనియన్స్ అండ్ టొమాటోస్. ఐ వాంట్ ఎ రెడ్ బ్యాగ్. ఇట్ బిగిన్స్ టు రెయిన్. వి రన్ టు ద బస్." రెడ్, బ్యాగ్, రన్, బస్ కావాలని పెట్టినవే. పొద్దున ఆడిన కుటుంబాల ఆటలోని మాటలు పాఠంలో కనిపించాలి, అప్పుడే ఆ ఐదు నిమిషాల కష్టానికి ఫలితం దక్కుతుంది.

పుస్తకం తెరవకముందు తెలుగులో మాట్లాడించండి. "సంతకి ఎవరితో వెళ్తారు? ఏం కొంటారు? బేరం ఎవరు చేస్తారు?" ఇక్కడ చివరి బెంచీ లేస్తుంది చూడండి. మా చివరి బెంచీ అబ్బాయి వాళ్ల అమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుంది. కిలో ఎంత, పావు ఎంత, సాయంత్రం అయ్యేసరికి ధర ఎందుకు పడిపోతుంది, అన్నీ చెప్పాడు. ఇంగ్లీషు పీరియడులో తెలుగు ఎందుకని ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) గారు అడిగితే ధైర్యంగా చెప్పండి: ఆలోచన సిద్ధంగా ఉంటే మాట దానికి అతుక్కుంటుంది.

తర్వాత పాఠం నేను రెండుసార్లు చదువుతాను, చేతులతో చూపిస్తూ. మొదటిసారి పుస్తకాలు మూసి ఉంటాయి, రెండోసారి వేలు వాక్యం కింద కదులుతుంది.

ఆ తర్వాత పని. పాఠం అందరికీ అదే, పనులు మూడు. మొదటిది, నాలుగు బొమ్మలు ఇచ్చి కథ వరుసలో అంకెలు వేయించడం, పాఠంలో తెలిసిన ఐదు మాటల కింద గీత గీయించడం. రెండోది, సగం వాక్యం ఇచ్చి పూర్తి చేయించడం. మూడోది, వాన రాకపోతే ఏమయ్యేదో రెండు సొంత వాక్యాలు రాయించడం. ఎవరు ఏది చేయాలో నేను చెప్పను. మొదటిది అందరూ చేస్తారు, అయినవాళ్లు రెండోదానికి వెళ్తారు. దాంతో ఎవరి నెత్తిన ఏ ముద్రా పడదు. 'డల్' అనే మాట మన స్టాఫ్‌రూముల్లోంచి పోవాలి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా గొడవపడతాను.

రెండో పనిలో ఒక్క తేడా మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది: అవ్వ ఉల్లిగడ్డలు కొంటుంది. ఇంగ్లీషులో కొనడం మధ్యలోకి వస్తుంది. మనం 'బల్ల మీద' అంటాం, వాళ్లు మీదను ముందుకు తెస్తారు: 'ఆన్ ద టేబుల్'. పాత క్యాలెండరు అట్టల మీద ఒక్కో మాట రాసి ముగ్గురు పిల్లల చేతికివ్వండి. తెలుగు వరుసలో నిలబెట్టండి, తర్వాత ఇంగ్లీషు వరుసలోకి మారమనండి. 'కొంటుంది' పట్టుకున్న పిల్ల చివరి నుంచి మధ్యకి నడిచి రావాలి. ఆ నడక వాళ్లకి గుర్తుండిపోతుంది.

[దృశ్యం: ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా. ఒక్కొక్కరి చేతిలో ఒక కాగితం, మధ్యలో నిలబెట్టిన పుస్తకం అడ్డు.]

ఇక జంట పని. సాధారణంగా మనం బాగా చదివే పిల్లని వెనకబడ్డ పిల్లాడి పక్కన కూర్చోబెడతాం. జరిగేదేమిటంటే ఆమె రాస్తుంది, వాడు దించుకుంటాడు. అందుకే వాడి దగ్గర ఉన్న సమాచారం ఆమె దగ్గర లేకుండా చూడాలి. ఇంగ్లీషు బోధనా నిపుణుడు ప్రొఫెసర్ ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో నడిపిన ప్రాజెక్టులో తరగతి పనుల మీదే నడిచింది; ఆయన చెప్పిన పనుల్లో ఇలా సమాచారం పంచుకునేవి ఒక రకం. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు కాబట్టి మాట్లాడక తప్పదు.

నేను ధరల పట్టీ రెండుగా చేశాను. ఒక కాగితంలో ఉల్లి, వంకాయ ధరలు ఉంటాయి. రెండోదాంట్లో టొమాటో, మిర్చి ధరలు ఉంటాయి. అడిగి ఖాళీలు నింపాలి. "ఆనియన్స్, హౌ మచ్?" "థర్టీ రుపీస్." ఇంతే చాలు. తరగతిలో మొదటి ర్యాంకు అమ్మాయి మా అబ్బాయిని అడిగి, వాడు చెప్పేదాకా పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

ఎదురుచూడడం మనకీ రావాలి. అమెరికాలో సైన్సు తరగతులను గమనించిన మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు, టీచర్లు ప్రశ్న అడిగి జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని చూపించారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరిగాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా విప్పారు. మన పిల్లాడు ప్రశ్నను ఇంగ్లీషులో విని, తెలుగులో అర్థం చేసుకుని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషు వెతుక్కోవాలి. నేను మనసులో ఐదు అంకెలు లెక్కపెడతాను. మొదట్లో ఆ నిశ్శబ్దం మోయడం కష్టమే.

తప్పులు దిద్దడం గురించి ఎక్కువ చెప్పను. ఒక రోజుకి ఒక రకం తప్పే దిద్దండి. సంత పాఠం రోజు నేను మాటల వరుస మాత్రమే చూశాను, స్పెల్లింగు జోలికి పోలేదు.

[దృశ్యం: టీచరు బల్ల మీద ఒక పాత పోస్టల్ కవరు.]

ఇవన్నీ చేసినా అందని పిల్లలు ఉంటారు. పత్తి ఏరే రోజుల్లో నా తరగతిలో ఇద్దరు వారాల తరబడి రారు. వాళ్లు వెనకబడింది తెలివిలో కాదు, హాజరులో. ఇంటికి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడాను, కొన్ని రోజులు పంపారు, మళ్లీ ఆపారు. కూలి డబ్బు ముందు నా మాట ఎంత దూరం వెళ్తుంది? అందుకని ఒక కవరు పెట్టుకున్నాను. వాళ్లు రాని రోజు పాఠంలో మొదటి పని కాగితం, ఆ రోజు మాటల కుటుంబం అందులో వేస్తాను. తిరిగొచ్చిన రోజు ప్రార్థన గంటకి ముందు పావుగంట కూర్చుని, ఆ కాగితాలతోనే మళ్లీ పాఠంలోకి తెస్తాను. అందరితో పాటు తరగతిలో కూర్చునేసరికి సంత కథ ఏమిటో వాళ్లకీ తెలిసి ఉంటుంది.

ఈ రోజుకి ఆ కవరులో తొమ్మిది కాగితాలు ఉన్నాయి. ధరల పట్టీ రెండు సగాలూ అందులోనే పెట్టాను, ఇద్దరూ ఒకే రోజు వస్తే కలిసి ఆడుకోవచ్చని.