పొన్నంకి పిట్ట దిగే చోటు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, గ్రంథపాలకులు గారికి, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన మాస్టార్లకు, టీచరమ్మలకు, రోజూ పొద్దున్నే వచ్చి ఇక్కడ పేపరు చదివే మిత్రులకు, పిల్లలూ మీకు, అందరికీ నమస్కారం.

ఈ వారోత్సవాలకు నన్ను పిలవడం ఇది ఐదోసారి. ఈసారి నాకిచ్చిన అంశం ‘విద్యార్థులు – పుస్తక పఠనం’. ఒక పుస్తకంతోనే మొదలుపెడతాను. కానీ అక్కడి నుంచి మా పెరట్లోకి వెళ్లిపోతాను, పెద్దలు మన్నించాలి. పదిహేను రోజులుగా నా మనసంతా అక్కడే ఉంది.

1713లో లండన్‌లో పక్షుల మీద ఒక లాటిన్ పుస్తకం అచ్చయింది. రాసింది జాన్ రే. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పంపిన పక్షుల గురించి జేమ్స్ పెటివర్ అనే ఆయన ఆ పుస్తకంలో బొమ్మలతో సహా ఒక భాగం చేర్చాడు. అందులో ఒక బొమ్మకు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరు ‘పొన్నంకి పిట్ట’. పిట్ట అంటే మన పిట్టే! ఎవరో తెలుగువాళ్లు ఆ పక్షిని చూపించి చెప్పిన పేరు ఓడెక్కి లండన్ చేరింది. 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ జాతికి ‘పిట్టా’ అనే శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవాళ ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న దాని చుట్టాలను కూడా పిట్టా అనే పిలుస్తారు.

పిల్లలూ, ఆ పొన్నంకి పిట్టను మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దలవీ లేవలేదు. ప్రపంచానికి పేరిచ్చిన మనం ఆ పేరుగల పిట్టను చూడలేదు.

నేను మొదటిసారి చూసింది 1995 అక్టోబరులో. దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచిన వారం. తెల్లవారుజామున వంటింటి కిటికీ అద్దానికి టప్పుమని ఏదో తగిలింది. అమ్మ వెళ్లి చూస్తే కుళాయి పళ్లెం దగ్గర ఒక పిట్ట పడి ఉంది. మైనా కన్నా చిన్నది. వీపు ఆకుపచ్చ, భుజం మీద మెరిసే నీలం, కళ్ల మీదుగా నల్లని పట్టీ, గొంతు తెలుపు, పొట్ట లేత గోధుమ రంగు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. హిందీ వాళ్లు దీన్ని నవరంగ్ అంటారు. అమ్మకు ఏ పేరూ తెలియదు. "అలిసిపోయి పడిందే, నీళ్లు పొయ్యకు, ఊపిరాడదు" అని నన్ను ఆపి, నీడలో పెట్టి పైన పూలసజ్జ బోర్లించింది. గంట తర్వాత సజ్జ ఎత్తితే లేచి నిలబడింది. రెండు గెంతులు గెంతి, తిన్నగా పనస చెట్టు మొదట్లో ఉన్న ఆకుల కుప్పలోకి వెళ్లింది.

ఆ కుప్ప అమ్మదే. రోజూ పెరడు ఊడ్చి రాలిన ఆకులన్నీ అక్కడ పోసేది. ఎండాకులే కదా అనుకుంటాం. పైన ఎండినా కింద తడి ఉంటుంది. ఆ తడిలో వానపాములు, చెదలు, రోకలిబండలు, పురుగుల గుడ్లు ఉంటాయి. పిట్ట ముక్కుతో ఆకు తిప్పడం, తినడం, మళ్లీ ఇంకో ఆకు తిప్పడం. నాలుగు రోజులు ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి రెండు స్వరాల ఈల వేసేది. అరవంలో దీన్ని ఆరుగంటల పిట్ట అంటారని తర్వాత తెలిసింది. ఐదో రోజు లేదు.

హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంక దాకా వెళ్లే పిట్ట అది. ఎక్కువగా రాత్రిళ్లు ఎగురుతుంది. రెక్కలు అలిసిపోయిన చోట తెల్లవారేసరికి దిగాలి. మన కాకినాడ దాని దారిలో ఒక మజిలీ.

మరుసటి ఏడాది నవంబరు 6 తుపానుకి పనస చెట్టు కూలిపోయింది. ఆ రాత్రి ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అమ్మ కుప్పను సపోటా కిందకి మార్చింది. ఆ తర్వాత మరో మూడుసార్లు పొన్నంకి పిట్ట దిగింది. 1998, 2001, 2006. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఐదో తరగతి చదివిన మా అమ్మ గోడ క్యాలెండరు మీద పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీల పక్కన ‘పిట్ట’ అని రాసుకునేది. ఆ క్యాలెండర్లు నా దగ్గర ఉన్నాయి. పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు కదా, నేను ఎక్కువసార్లు తిరగేసినవి అవే.

2009లో మా అమ్మాయి పెళ్లికి పెరడంతా సిమెంటు చేయించాను. పందిరికి, వంటలకు సౌకర్యమని. అమ్మ ఒక్క మాటే అడిగింది. "పిట్టొస్తే ఎక్కడ దిగుతుందే?" పెళ్లి పనుల టెన్షన్‌లో ఉన్నాను. "ఇప్పుడు పిట్ట గోలేంటమ్మా" అని విసుక్కున్నాను. 2013లో అమ్మ పోయింది. 2006 తర్వాత ఏ క్యాలెండరులోనూ ఆ మాట లేదు. ఆ మధ్య మూడేళ్లు రాకపోవడం పిట్ట ఇష్టం. 2009 తర్వాత రాకపోవడంలో నా తప్పు ఉంది.

2020లో కూలీలను పెట్టి సపోటా చుట్టూ, గోడ వారా సిమెంటు పగలగొట్టించాను. ఆకులు ఊడ్చి అక్కడే పోయడం మొదలుపెట్టాను. మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మారుస్తున్నాను. ఆరు నెలలకు, బూడిద రంగులో ఏడెనిమిది కలిసి గోల చేస్తూ తిరిగే పిట్టలు వచ్చి కుప్పంతా చిందరవందర చేశాయి. జెముడుకాకి వచ్చింది. మందారానికి తేనెపిట్టలు, గోరింటాకు కొమ్మల్లో పిగిలిపిట్టలు గూళ్లు కట్టాయి.

అన్నట్టు కోయిల సంగతి. ముప్పై రెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. కోకిలమ్మ పాడిందని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. కూ అని గొంతెత్తేది మగ కోయిల. నల్లగా, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు, ఒళ్లంతా తెల్ల చుక్కలు, దాని అరుపు కిక్ కిక్ అని వేరేగా ఉంటుంది. రెండూ మా సపోటా మీదే కూర్చుంటే చూసి నేర్చుకున్నాను, అదీ రిటైరయ్యాక. నా దగ్గర చదువుకున్న వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఆ పాఠం దిద్దుకోండి.

ఇక నా బాధ చెబుతాను. మా పక్కన పదిహేనేళ్లుగా ఒక ఖాళీ స్థలం ఉంది. కానుగ చెట్లు, పిచ్చి బొప్పాయిలు, మోకాలి లోతు ఆకులు. అక్టోబరు 31 సాయంత్రం ఆరు కావస్తుండగా అటు నుంచి రెండు స్వరాల ఈల వినిపించింది. పందొమ్మిదేళ్ల తర్వాత! గోడ దగ్గర చీకటి పడేదాకా నిలబడ్డాను. కనపడలేదు. తెల్లారితే కనపడుతుందిలే అనుకున్నాను. తెల్లవారి ఏడింటికి జేసీబీ వచ్చింది. సాయంత్రానికి చెట్లు లేవు, ఆకులు కుప్ప చేసి తగలబెట్టారు. ఆ స్థలం వాళ్లు మంచివాళ్లు, వాళ్ల స్థలం వాళ్ల ఇష్టం. నేను ముందుగా వెళ్లి ఒక్క నెల ఆగమని అడిగి ఉంటే ఆగేవాళ్లేమో. అడగాలని నాకు తోచలేదు. అందుకే ఇప్పుడు మీ అందర్నీ అడుగుతున్నాను.

అమ్మా, మీ పెరట్లో ఒక మూల వదిలెయ్యండి. ఒక్క మంచమంత చోటు చాలు. ఆకులు తగలబెట్టకండి. దోమలొస్తాయని అంటారు. దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలో, ఎండాకుల్లో కాదు. పాముల భయం నిజమైనదే, కాబట్టి కుప్ప గుమ్మానికి దూరంగా గోడ వారన వెయ్యండి, పిల్లల్ని చేతులు పెట్టనివ్వకండి. ఖాళీ స్థలం బాగు చేయించేవాళ్లు నవంబరు దాటనివ్వండి. పిచ్చుకలకు వరికంకుల కుచ్చులు కడుతున్నాం, సంతోషం. కానీ పిచ్చుక తన పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగుల్నే. ఆ పురుగులు కూడా ఇలాంటి మట్టిలో, మొక్కల్లోనే దొరకాలి.

పిల్లలూ, ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలో కూడా చేస్తున్నారు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని, కనిపించినవి, వినిపించినవి ఎన్నో రాయాలి. కాకి కూడా లెక్కే. ఫిబ్రవరి దాకా ఎందుకు, ఈ ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు మా గేటు తీసి ఉంటుంది. పదిమందికి చోటుంది. ఇంట్లో చెప్పి రండి. నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. ఎర్ర చొక్కాలు వద్దు, మాటలు వద్దు. వెలుతురు వచ్చేదాకా అరుగు మీద కూర్చుందాం, తర్వాత అమ్మ క్యాలెండర్లు చూపిస్తాను.

గంట కొట్టారు. పుస్తక పఠనం గురించి నా తర్వాత మాట్లాడే మాస్టారు చెబుతారు. సెలవు.